ఊరగాయల గదిలో డెన్మార్కు ఎన్నిక

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. సావిట్లో పడక్కుర్చీలో పాలసంఘం అధ్యక్షుడు గంగయ్య. వంటింట్లో ఆయన భార్య సీతారావమ్మ. వసారాలో చింతపండు పిక్కలు తీస్తూ ఆయన తల్లి మాలచ్చమ్మ. ఆవిడ పక్కనే ఒక పిల్లను ఒళ్ళో వేసుకుని, ఇంకొకణ్ణి కాలితో ఊపుతూ, మిగతా ఇద్దర్నీ నోటితో అదుపు చేస్తూ గంగయ్య మరదలు వెంకాయమ్మ. ఆవిడ మొగుడు వీరన్న దూలానికి వేలాడుతున్న అరటిగెల కింద నిలబడి, అదెప్పుడు పండుతుందా అని చూస్తున్నాడు. అరుగు మీద చలమయ్య. ఈయన గంగయ్య కూతురి అన్నప్రాశనకు వచ్చిన దూరపు చుట్టం. ఆ కూతురికి ఇప్పుడు పదిహేనేళ్ళు. ఈయన ఇంకా వెళ్ళలేదు. నూతి దగ్గర, మాసిన బట్టల కోసం వచ్చి కబుర్లలో పడిన చాకలి నూకాలు. గంప కింద పొదిగిన కోడి.

ఆ కూతురు మాణిక్యం కూడా ఇంట్లోనే ఉంది గాని, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆ పిల్ల ఊరగాయల గదిలో తలుపు వేసుకుని, పెద్ద ఆవకాయ జాడీకి బుద్ధి చెబుతోంది.

గుమ్మళ్ళపాడులో పగటిపూట ఎవరూ తలుపు వేయరు. వేస్తే ఆ ఇంట్లో ఎవరో పోయారనో, అన్నదమ్ములు వేరుపడుతున్నారనో ఊరంతా వచ్చి కూర్చుంటుంది. ఒకసారి మునసబుగారింట్లో గాలికి పడిన తలుపు తీయడం మరిచిపోతే, సాయంత్రానికల్లా వెదురుబొంగులు, కొత్తకుండ వాకిట్లోకి వచ్చేశాయి. మునసబుగారే లేచి వెళ్ళి, అవి తనకు కావని నచ్చజెప్పి పంపాల్సి వచ్చింది. ఈ ఆచారానికి ఉన్న ఒకే ఒక మినహాయింపు గంగయ్యగారి ఊరగాయల గది. గాలి తగిలితే బూజు పడుతుంది కనుక దాని తలుపు మూసే ఉంచాలి. మాణిక్యం చెయ్యి మంచిదని, ఆ పిల్ల తాకిన జాడీ ఏడాదైనా చెడదని, మామ్మ మాలచ్చమ్మ ఆ గది పెత్తనం మనవరాలికి అప్పజెప్పింది.

నలుగురిలో మాణిక్యానికి గొంతు పెగలదు. బళ్ళో ఇన్‌స్పెక్టరుగారు పేరు అడిగితే నేల చూసింది. ఆయన బండెక్కి వెళ్ళిపోయి, బడి వదిలి, పిల్లలందరూ ఇళ్ళకు చేరాక, "మాణిక్యం" అని జవాబు చెప్పింది. ఊరగాయల గదిలో మాత్రం ఆమెకు గొంతు ఉండేది. జాడీలకు పద్యాలు అప్పజెప్పేది. మాగాయను మందలించేది. నిమ్మకాయతో వాదం పెట్టుకుని గెలిచేది. పూటకు కాసేపు ఆ గదిలో మాట్లాడుకుంటేనే మిగతా పూటంతా మాట్లాడకుండా ఉండగలిగేది.

ఇలా ఉండగా, ఆ మధ్యాహ్నం వాళ్ళ ఇంటికి డెన్మార్కు వచ్చింది.

అది పెద్ద యుద్ధం అయిపోయిన తరవాతి కాలం. రెండోది ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలియదు కనుక, పెద్దమనుషులందరూ తీరుబడిగా దేశాన్ని బాగుచేస్తూ ఉండేవారు. వారిలో ఒకాయన డెన్మార్కు చూసి వచ్చి, అక్కడి ఆవులు కడవలకొద్దీ పాలిస్తాయని పట్నంలో ఉపన్యసించాడు. ఇంకేముంది, ఏ ఆఫీసులో చూసినా డెన్మార్కే. క్షీరాభివృద్ధి ప్రత్యేకాధికారి నృసింహమూర్తిగారు డెన్మార్కు చూడలేదు. కానీ దాని గురించి చాలా దూరం ఆలోచించారు. ఆలోచించి, బంట్రోతు అప్పలకొండతో సహా గుమ్మళ్ళపాడులో దిగారు.

"చిత్తగించవలెను," అన్నారు ఆయన సావిట్లో నిలబడి. "డెన్మార్కు రైతు పార్లమెంటుకు ఓటు వేయుచున్నాడు. డెన్మార్కు ఆవు పాలు ఇచ్చుచున్నది. మన రైతు ఓటు వేయుట లేదు. మన గేదె తన్నుచున్నది. ఇందుమూలముగా సిద్ధించునదేమి?"

"ఏం సిద్ధిస్తదండీ?" అన్నాడు గంగయ్య.

"ఎన్నిక!"

ఆ నెలలోనే డెన్మార్కులో పార్లమెంటు ఎన్నిక ఉందట. ఆ ఎన్నికనే, ఆ రోజునే, ఆ నిబంధనలతోనే, ఆ పార్టీలతోనే గుమ్మళ్ళపాడులోనూ జరపాలని ఆఫీసువారు తీర్మానించారట.

"మన ఎన్నిక మనం పెట్టుకోకూడదాండీ?" అన్నాడు వీరన్న అరటిగెల కిందనుంచి.

"మన ఎన్నికతో మన పాలే వచ్చును," అన్నారు నృసింహమూర్తిగారు. వీరన్న మళ్ళీ అరటిగెల కేసి తిరిగాడు.

పార్టీలు మూడు. సైన్యం రద్దు చేయాలనే పార్టీకి పావురం బొమ్మ. ఉంచాలనే పార్టీకి కత్తి బొమ్మ. సైన్యం సంగతి తరవాత, ముందు వెన్న ధర సంగతి చూడండనే పార్టీకి వెన్నముద్ద. అధికారిగారు కాగితం మీద గీసి చూపించారు. పావురం కొంచెం కోడిలా వచ్చింది. అయినా చలమయ్యకు అప్పటికే కోపం వచ్చేసింది.

"సైన్యం తీసేస్తారంటండీ? రేపెవడైనా మీదపడితేనో?"

"డెన్మార్కు మీద ఎవడు పడతాడు మావా?" అన్నాడు వీరన్న.

"ఎవడో ఎందుకురా, పక్కూరోళ్ళు! పక్కూరోళ్ళని నమ్ముకుని ఎవడైనా కర్ర ఇంట్లో పెట్టి పోతాడా? నా ఓటు కత్తికే."

"వెన్న ధర పెంచుతానంటే ఎవుడికి చేదు?" అన్నాడు గంగయ్య. ఆ మాటతో ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి. పావురానికి ఎవరూ దొరక్కపోతే, ఎన్నిక సజావుగా సాగడానికి వీరన్నను అందులో వేశారు.

"ఇక ముఖ్య నిబంధన," అన్నారు అధికారిగారు. "పాతికేండ్లు నిండిన ప్రతి మనిషీ, స్త్రీ పురుష భేదము లేక ఓటరే."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఆడోళ్ళు కూడానాండీ?" అన్నాడు గంగయ్య.

"డెన్మార్కున అంతే. మరియు, ఓటరు ఏకాంతముగా, మూసిన తలుపు వెనుక, ఎవరి ఒత్తిడియు లేక, తన మనస్సు తేలువరకు యోచించి ఓటు వేయవలెను. కావున పగటిపూట మూసి ఉండు గది యొకటి కావలెను."

అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. సరిగ్గా ఆ సమయానికి ఊరగాయల గది తలుపు తీసుకుని, చేతిలో ఉప్పుగరిటెతో మాణిక్యం బయటికి వచ్చింది.

"అమ్మాయీ, ఈ గదిని పార్లమెంటు అవసరార్థము స్వాధీనపరుచుకొనుటకు నీకేమైనా అభ్యంతరము కలదా?"

కలదు. చాలా కలదు. అది గుండెలోంచి బయల్దేరి గొంతుదాకా వచ్చి, అక్కడ కొత్తమనిషిని చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

"అభ్యంతరము లేదు," అన్నారు నృసింహమూర్తిగారు. "పైగా ఈ పిల్ల మాట్లాడదు. రహస్యము దాచుటకు ఇంతకన్న తగినవారు లేరు. ప్రతి ఓటరునూ లోనికి పంపి తలుపు మూయు ఉద్యోగము ఈ పిల్లకే ఇచ్చుచున్నాను."

అలా, తన గది తలుపును తన చేత్తోనే అందరి వెనకా మూసే ఉద్యోగం మాణిక్యానికి దొరికింది. జీతం లేదు.

ఎన్నిక రోజున మగవాళ్ళ ఓట్లు జొన్నలు వేయించినంత సేపట్లో అయిపోయాయి. గదిలో ఖాళీ జాడీ ఒకటి ఓట్లపెట్టెగా పెట్టారు. గంగయ్య లోపలికి వెళ్ళాడు. మాణిక్యం తలుపు మూసింది. వెంటనే లోపలినుంచి, "ఎవరదీ?" అని కేక వినిపించింది.

"ఎవరూ లేరు నాయనా, నువ్వే," అంది మాలచ్చమ్మ బయటినుంచి.

గంగయ్య నుదుటి చెమట తుడుచుకుంటూ వచ్చేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒంటరిగా ఒక గదిలో ఉండటం అదే మొదలు. వీరన్న లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెమ్మని కేకేశాడు. ఎవరూ పలక్కపోయేసరికి బెదిరి, ఓటు వేసి బయటపడ్డాడు. చలమయ్య అయితే కాగితం జాడీలోకి విసిరి, తలుపు సగం మూసుకునేలోపే వెనక్కి దూకాడు. "సైన్యంలో చేరమన్నా చేరతాను గాని, మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళమనకండి," అన్నాడు. ఊళ్ళో మిగతా మగవాళ్ళదీ అదే వరస.

తరవాత ఆడవాళ్ళు. మొదటి ఓటరు మాలచ్చమ్మ. మనవరాలి ముఖం ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది. తలుపు పడింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. వంటయింది, చల్లారింది. పొద్దు వాలింది. మాలచ్చమ్మ రాలేదు.

"అమ్మా, ఏం చేస్తన్నావే?" అని గంగయ్య తలుపు మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగుము!" అని నృసింహమూర్తిగారు అడ్డుపడ్డారు. "ఓటరుపై ఒత్తిడి! డెన్మార్కు పార్లమెంటు స్వేచ్ఛకు భంగము!"

"మా అమ్మండీ."

"ఇంటికి తల్లి. గదిలో ఓటరు."

తలుపు పక్కనే కూర్చున్న మాణిక్యానికి మాత్రం లోపలినుంచి సన్నగా ఏదో వినబడుతోంది. చెవి పెట్టకూడదనుకుంటూనే పెట్టింది. మామ్మ ఎవరితోనో చెబుతోంది. పెళ్ళైన కొత్తలో అత్తగారు అన్న మాటకు అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు చెబుతోంది. మధ్యమధ్య, "ఏమంటావే?" అని అడుగుతోంది. అడుగుతున్నది పెద్ద ఆవకాయ జాడీని. మాణిక్యం ఇన్నాళ్ళూ ఆ జాడీ తనకొక్కదానికే చుట్టమనుకుంది.

దీపాలు పెట్టే వేళకు మాలచ్చమ్మ తలుపు తట్టి బయటికి వచ్చింది. నూనె పెట్టి తలంటుకున్నట్టుంది ముఖం.

"ఓటు వేసితిరా?" అన్నారు అధికారిగారు.

"లేదు బాబూ. మనసు తేల్లేదు. మళ్ళీ రేపు ఆలోచిస్తాను."

నృసింహమూర్తిగారు నిబంధనలు తిరగేశారు. మనసు తేలేవరకు అని ఉంది. ఎన్నాళ్ళలో తేలాలో లేదు. "భేష్!" అన్నారు ఆయన. "ఇంతటి బాధ్యతగల ఓటరు డెన్మార్కులోనైనా ఉండునా?"

మర్నాడు వెంకాయమ్మ చంకలో పిల్లను మొగుడి చంకలోకి మార్చి లోపలికి వెళ్ళింది. కొంతసేపటికి గురక వినిపించింది.

"అది ఏమి ధ్వని?"

"నిద్రోతందండీ, నా పెళ్ళాం," అన్నాడు వీరన్న, నలుగురు పిల్లలు నాలుగు వైపులనుంచి లాగుతుంటే.

"కాదు. యోచన గాఢమైనపుడు ఊపిరి బరువెక్కును. వ్రాసికొనుము అప్పలకొండా: ఓటరు సైన్యపు సమస్యలో లోతునకు దిగినది."

వెంకాయమ్మ సాయంత్రం కళ్ళు నులుముకుంటూ వచ్చి, సైన్యం ఉంచాలో తీసేయాలో అస్సలు తేలట్లేదని, ఇది ఒక్కరోజులో తెమిలే విషయం కాదని చెప్పింది. ఆ తరవాత సీతారావమ్మ వెళ్ళింది. ఆవిడ ఏమీ చేయలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ఎదుటి గోడ కేసి చూసింది. పెళ్ళయినప్పటినుంచి ఒక గోడను మొదటినుంచి చివరిదాకా చూడటం కుదరలేదట.

ఈ వార్త ఊళ్ళో పొగలా పాకింది. ఓటు అంటే మూసిన తలుపు అని, దాన్ని మొగుడైనా తట్టకూడదని, తడితే డెన్మార్కు ఊరుకోదని ఆడవాళ్ళకు తెలిసింది. మర్నాటినుంచి గంగయ్యగారి వాకిట్లో బారు. ఒకామె దువ్వెన తెచ్చుకుంది. ఒకామె బెల్లం ముక్క. ఒకామె ఏడవడానికి శుభ్రమైన చెంగు కట్టుకుని వచ్చింది. ఒకామె లోపల కూర్చుని ఏ పిల్ల తలా దువ్వకుండా, తన తలొక్కటే దువ్వుకుని వచ్చింది. నూకాలు బట్టలమూట బయట పడేసి లోపలికి వెళ్ళి, మాగాయ టెంక ఒకటి చప్పరించడం పూర్తయ్యేదాకా రాలేదు.

"నూకాలూ, నా పంచె!" అని చలమయ్య గోల పెట్టాడు.

"డెన్మార్కులో ఉతుక్కుంటార్లే అయ్యగోరూ!" అని లోపలినుంచి జవాబు వచ్చింది.

మాణిక్యం తలుపు తీసేది, మూసేది. పాతికేళ్ళు నిండిన వాళ్ళందరికీ ఆ గదిలో చోటు దొరికింది. పదిహేనేళ్ళ వాళ్ళకు లేదు. మాటలు లోపల పేరుకుపోయి, ఆ పిల్లకు అన్నం దిగడం మానేసింది. రెండుమూడుసార్లు గేదెతో మాట్లాడబోయింది. అది మధ్యలో లేచి వెళ్ళిపోయింది.

ఇంతలో పై ఆఫీసునుంచి ఉత్తర్వు వచ్చింది: "ఓటరు నిజముగా ఏకాంతముననే యున్నదా యని నిర్ధారించవలెను." నృసింహమూర్తిగారు ఒక రోజంతా తర్కించారు. చూడటానికి మనిషి లోపలికి వెళితే ఏకాంతం ఉండదు. బయటినుంచి వింటే రహస్యం ఉండదు. చివరికి అప్పలకొండ చెవుల్లో దూది కుక్కుకుని, తలుపుకు చెవి ఆనించి, శ్రద్ధగా వినాలని నిర్ణయమైంది.

"ఏటి వినబడింది?" అని ఊరివాళ్ళు అడిగితే, "ఏటీ లేదు బాబూ," అనేవాడు అప్పలకొండ. ఏమీ వినబడలేదు కనుక లోపల ఏకాంతమేనని రోజూ నివేదిక వెళ్ళేది.

అవతల అసలు డెన్మార్కులో ఎన్నిక ఒక్కరోజులో ముగిసి, మంత్రివర్గం ఏర్పడి, పనిలో పడింది. గుమ్మళ్ళపాడులో ఇంకా ఎవరి మనసూ తేలలేదు. ఇక పాల సంగతి. ఊళ్ళో పాలు పితికేది ఆడవాళ్ళు. వాళ్ళందరూ డెన్మార్కు గురించి ఆలోచిస్తుంటే మగవాళ్ళు చెంబులు పట్టుకుని గేదెల కిందికి వెళ్ళారు. గేదెలు వాళ్ళను ఎరగవు. గంగయ్య తన్ను తిని గడ్డివాము మీద పడ్డాడు. వీరన్న ఏ గేదె దగ్గరికి వెళ్ళినా అది పావురం పార్టీ వాణ్ణి గుర్తుపట్టినట్టే తన్నేది. పాలసంఘం బిందెల్లో కోళ్ళు కాపురం పెట్టాయి.

నృసింహమూర్తిగారు దీనికి కారణం కూడా కనిపెట్టారు. "ఓటర్లు పెరిగినకొద్దీ పాలు తగ్గినవి. కాబట్టి లోపము ఓటులో లేదు. గేదెలకు ఓటు లేకపోవుటలో ఉన్నది." ఈ నివేదిక అందగానే, ఎన్నిక తక్షణం ముగించి, ఓట్లు లెక్కించి, గదికి సీలు వేసి, వచ్చే డెన్మార్కు ఎన్నికదాకా ఎవరూ తెరవకుండా చూడమని పై ఆఫీసువారు టెలిగ్రాం ఇచ్చారు.

ఊరంతా మూగింది. జాడీ సావిట్లోకి తెచ్చి బోర్లించారు. అడుగున మగవాళ్ళ కాగితాలు నూనెలో నాని, కత్తీ వెన్నముద్దా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. వాటిమీద ఆడవాళ్ళ ఓట్లు. అన్నీ చప్పరించి పడేసిన మామిడి టెంకలే.

నృసింహమూర్తిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. లెక్కకట్టి చూశారు. ప్రకటించారు: "అత్యధిక సంఖ్యాకులు టెంక పక్షమున ఉన్నారు. డెన్మార్కువారికి తెలియజేయబడును."

"టెంక పార్టీ సైన్యం ఉంచుతుందాండీ, తీసేస్తుందా?" అన్నాడు చలమయ్య.

"అది వారి అంతరంగము."

అప్పలకొండ లక్క కరిగించాడు. తాళం చేతికి తీసుకుని అధికారిగారు ఊరగాయల గదివైపు నడిచారు. తలుపు పక్కన మాణిక్యం నిలబడి ఉంది. వచ్చే డెన్మార్కు ఎన్నిక ఎప్పుడో ఆ పిల్లకు తెలియదు. తాళం మాత్రం కనిపిస్తోంది. గుండెలోంచి అదే అభ్యంతరం బయల్దేరింది. గొంతుదాకా వచ్చింది. అక్కడ నిలబడ్డ ఆడవాళ్ళందర్నీ చూసింది. అందరూ ఆ తలుపు వెనక ఏడ్చినవాళ్ళూ, గురకపెట్టినవాళ్ళూ, గోడలు చూసినవాళ్ళే. ఈసారి వెనక్కి పోలేదు.

"నా మనసింకా తేల్లేదండీ," అంది మాణిక్యం.

తనకు కూతురు ఉందని తెలుసుగాని, దానికి గొంతు ఉందని గంగయ్యకు తెలియదు. లక్క చుక్క అప్పలకొండ కాలి మీద పడింది. వాడు అరవడం కూడా మరిచిపోయాడు.

"నీవు ఓటరువా? వయస్సెంత?"

మాణిక్యం నేల చూసింది. ఉన్న గొంతంతా ఆ ఒక్క మాటకే ఖర్చయిపోయింది.

"ఇరవయ్యారు," అంది మాలచ్చమ్మ.

"అమ్మా!" అని గంగయ్య లేచి నిలబడ్డాడు. "పెళ్ళికావాల్సిన పిల్ల! ఊరందరిముందూ ఇరవయ్యారంటావేంటి?"

"ఇరవయ్యారేండ్ల కన్యయా?" అన్నారు అధికారిగారు అనుమానంగా. "కొంచెము చిన్నదిగా కనబడుచున్నది."

"ఊరగాయల గదిలో పెరిగింది కదా బాబూ. చెడలేదు," అంది మాలచ్చమ్మ. "ఏం, డెన్మార్కులో ఇరవయ్యారేళ్ళొచ్చినా పెళ్ళికాని పిల్లలుండరా?"

"ఉందురు."

"మరి?"

నృసింహమూర్తిగారు ఆడవాళ్ళ కేసి చూశారు. "పిల్ల పుట్టినప్పుడు మేం దగ్గరున్నామండి, ఇరవయ్యారే," అంది నూకాలు. "ఇరవయ్యేడు కూడా ఉండొచ్చు," అంది వెంకాయమ్మ. "నేను కన్నదాన్ని, ఇరవయ్యారే," అంది సీతారావమ్మ, మొదటిసారి మొగుడి ముందు గట్టిగా. గంగయ్య చలమయ్య కేసి తిరిగాడు. పిల్ల అన్నప్రాశన నాటినుంచి ఇంట్లోనే ఉన్న సాక్షి ఆయనే. పదిహేనేళ్ళని చెప్పాలంటే తాను వచ్చి పదిహేనేళ్ళయిందని నలుగురిలో ఒప్పుకోవాలి.

"నేను మొన్ననేగా వచ్చాను," అన్నాడు చలమయ్య. "నాకేం తెలుసు?"

అధికారిగారు నిబంధనలు తిరగేశారు. ఆఖరి ఓటరు మనసు తేలేవరకు ఎన్నిక ముగియదు. ఎన్నిక ముగియనిదే సీలు వేయరాదు. ఆయన తాళం జేబులో వేసుకుని, పడక్కుర్చీలో కూలబడి, "కానిండు," అన్నారు.

మాణిక్యం లోపలికి అడుగు పెట్టింది. చీకట్లో జాడీలు వరసగా ఉన్నాయి. మామ్మ గుమ్మం దాకా వచ్చి తలుపు మీద చెయ్యి వేసింది.

"మాగాయకి నీమీద కోపంగా ఉందే, ఇన్నాళ్ళు పలకరించలేదని," అంది మెల్లిగా. "దాని సంగతి చూడు. తొందరేం లేదు."

తలుపు మూసేసింది.